హైదరాబాదు ఎండల్లో అల్లం బీరు: రోజుల లెక్క పనికిరాని చోట

ఇంట్లో బీరు కాయాలనే సరదా నాకు చాలాకాలంగా ఉన్నప్పటికీ, లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం నేరం కాబట్టి, ఆ ముచ్చటను అల్లం బీరుతో తీర్చుకున్నాను. పేరులో బీరు ఉన్నదే గాని ఇందులో మాల్టు గాని, హాప్స్ గాని ఉండవు. అల్లం, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, వాటిని పులియబెట్టే ఈస్టు, బ్యాక్టీరియా ఉంటే చాలు. మూత బిగించిన సీసాలో పుట్టే గ్యాసు వల్ల దానికి సోడా పొంగు వస్తుంది. వేళకు చల్లబరిచి ఆపితే అందులో ఆల్కహాలు నామమాత్రంగానే ఉంటుంది. ఆపకపోతే అది అసలు బీరును మించిపోగలదు. ఘనపరిమాణంలో 0.5 శాతానికి మించి ఆల్కహాలు ఉన్న పానీయాన్ని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నాటి నిబంధనల్లో మద్యపానీయంగానే లెక్కగట్టింది. అందువల్ల ఇంటిల్లిపాదీ తాగే పానీయం చేయాలనుకున్నవాడు ఆ గీత ఎక్కడుందో తెలుసుకుని, దానికి ఇవతలే ఆగాలి. ఆ గీత ఎక్కడుందో తెలియక నేను పడిన పాట్లను, ఆ తర్వాత కుదిరిన పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ పానీయానికి ఆధారం అల్లం తోడు. ఒక గాజు జాడీలో రెండు కప్పుల నీళ్లు పోసి, తొక్కతో సహా తురిమిన అల్లం రెండు చెంచాలు, చక్కెర రెండు చెంచాలు కలిపి, పలచటి గుడ్డ కట్టి, రోజూ మళ్లీ కాస్త అల్లం, కాస్త చక్కెర వేస్తూ పోతే, అల్లం తొక్క మీద సహజంగా ఉండే ఈస్టు, లాక్టిక్ బ్యాక్టీరియా పెరిగి నురుగు కడతాయి. ఇంగ్లండులో పాతకాలం నుంచి వాడుకలో ఉన్న ‘జింజర్ బీర్ ప్లాంట్’ అనే గింజలాంటి ముద్ద వేరు. దానిలో ఒక ఈస్టు, ఒక బ్యాక్టీరియా కలిసి కాపురం చేస్తాయని హ్యారీ మార్షల్ వార్డ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1892లో వివరించాడు. మన జాడీలోని తోడు అంత స్థిరమైన జంట కాదు. ఏ అల్లం వేశామో, ఏ వేడిలో ఉంచామో దాన్ని బట్టి అందులో ఏ జీవులది పైచేయి అవుతుందో మారుతూ ఉంటుంది. మోండా మార్కెట్టులో మట్టి అంటుకుని ఉన్న అల్లం కొని, పైపైన కడిగి వాడితే తోడు త్వరగా అందుకుంటుంది. తళతళలాడేలా కడిగి, ప్లాస్టిక్ పొరలో చుట్టి అమ్మే అల్లంతో నాకు అంత నమ్మకంగా రాలేదు.

మొదటి తోడు ఏప్రిల్ చివర్లో పెట్టాను. నేను పట్టుకున్న వంటకాలన్నీ ఇంగ్లండు, అమెరికాల్లో రాసినవి. వారం రోజులు రోజూ మేత వేయాలని, వారం చివర బుడగలు కనిపిస్తాయని అవి చెప్పాయి. వాళ్ల వంటగదిలో 20 డిగ్రీలు ఉంటుందన్న సంగతి, మా వంటగదిలో మధ్యాహ్నం 35 డిగ్రీలు ఉంటుందన్న సంగతి ఆ రోజుల లెక్కలో ఎక్కడా లేవు. రెండో రోజు సాయంత్రం జాడీలో సన్నగా చిటపటలు వినిపించాయి, అల్లం తురుము పైకి తేలింది. మూడో రోజుకు అంతా చల్లారినట్టయి, తురుము అడుక్కు దిగింది. ఇంకా మొదలే కాలేదనుకుని నేను వారం దాకా చెంచా లెక్క తప్పకుండా వేస్తూ పోయాను. నిజానికి అది మొదలై, వేసిన చక్కెరను పూటలో తినేసి, ఆకలితో కూర్చుంది. వారం చివర మూత తీస్తే గోళ్ల రంగు చెరిపే ద్రవం వాసన వచ్చింది. వేడిలో, ఆకలిలో ఉన్న ఈస్టు ఇథైల్ అసిటేటు అనే పదార్థాన్ని ఎక్కువగా తయారు చేస్తుందని, ఆ వాసన దానిదేనని తర్వాత తెలిసింది.

ఆ జాడీని సింకులో పారబోస్తుంటే మా అమ్మ చూసి, “ఎండకాలం పెరుగు తోడేసి తెల్లందాక బయటనే పెడ్తమారా?” అన్నది. ఇడ్లీపిండిని చలికాలంలో పొయ్యి పక్కన పెట్టి, మే నెలలో రాత్రి ఆలస్యంగా రుబ్బి, పొంగగానే ఫ్రిజ్జులోకి మార్చే ఇంట్లో పుట్టి పెరిగిన నేను, ఆ జ్ఞానం అల్లానికి కూడా వర్తిస్తుందని అనుకోలేదు. పొద్దున చెట్టు దించిన నీరా చల్లగా ఉంచకపోతే కొన్ని గంటల్లోనే కల్లుగా మారిపోతుందని తెలంగాణలో తెలియనివారు ఉండరు. నెక్లెస్ రోడ్డులోని నీరా కేఫ్ లో దాన్ని చల్లగా అమ్మడానికి కారణం రుచి ఒక్కటే కాదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే పులియడం స్థూలంగా రెండింతలు వేగవంతమవుతుంది. అప్పటి నుంచి వేసవిలో తోడుకు పొద్దున, రాత్రి రెండుసార్లు కొద్దికొద్దిగా చక్కెర వేసి, నురుగు నిలకడగా కనిపించగానే ఫ్రిజ్జులో పెడుతున్నాను. అక్కడ అది నిద్రపోతుంది గాని చావదు. వారానికొకసారి బయటికి తీసి చెంచా చక్కెర వేస్తే సరిపోతుంది.

నీళ్ల విషయం తొందరగా ముగిస్తాను. జలమండలి పంపే నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది. తాగునీటి ప్రమాణాల ప్రకారం క్రిములు లేకుండా ఉండడానికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనం పెంచదలచిన క్రిములు కూడా దానికి లోకువే. నీళ్లు మరగబెట్టి చల్లార్చితే ఆ క్లోరిన్ పోతుంది. అల్లాన్ని ఎలాగూ చక్కెర నీళ్లలో మరిగించాలి కాబట్టి ఇది అదనపు శ్రమ కాదు. అయితే మరిగిన నీళ్లు పూర్తిగా చల్లారకముందే తోడు కలిపితే తోడు చచ్చిపోతుంది. చేయి పెట్టి గోరువెచ్చగా ఉందనుకోవడం చాలదు. మే నెలలో ‘చల్లారిన’ నీళ్లే 35 డిగ్రీలుంటాయి.

ఆ తర్వాత ఎదురైనది నాకు ఇప్పటికీ ఆసక్తికరంగా అనిపించే సమస్య. వానలు మొదలైన రోజుల్లో చేసిన ఒక విడత వాసనకు బాగుంది, పులుపు కూడా మితంగా ఉంది, కాని గ్లాసులోకి వంచితే తీగ సాగింది. చెంచా ముంచి పైకెత్తితే జానెడు పొడవున సన్నని దారం కట్టి, తెగి, మళ్లీ గ్లాసులోకి ముడుచుకుంది. నాలుక మీద అల్లం ఘాటు తగిలే లోపే జిగురు తగిలేది. పాడైందనుకుని పారబోశాను, వెంటనే చేసిన మరో విడత కూడా అలాగే అయింది. దీనికి కారణమైన బ్యాక్టీరియాల్లో ముఖ్యమైనది లూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్. మామూలు చక్కెరను అది డెక్స్‌ట్రాన్ అనే జిగురుగా మారుస్తుంది. ఇడ్లీపిండి పొంగడంలో ప్రధాన పాత్ర వహించేది కూడా ఇదే జాతి. మా వంటగట్టు మీద ఇడ్లీపిండి గిన్నె, పెరుగు గిన్నె, అల్లం జాడీ ఒకదాని పక్కన ఒకటి ఉండేవి; ఒకే గరిటె మూడింటిలో తిరిగేది. అల్లం మీద కూడా ఈ జీవులు ఉండవచ్చు కాబట్టి తప్పంతా గరిటెదేనని చెప్పలేను గాని, జాడీని వేరే గదిలోకి మార్చి, దానికొక స్టీలు చెంచా కేటాయించి, ఆ చెంచాను ప్రతిసారీ మరిగే నీళ్లలో ముంచడం మొదలుపెట్టాక జిగురు చాలావరకు తగ్గింది.

సబ్బుతో కడగడం వేరు, క్రిములు లేకుండా చేయడం వేరు అన్న సంగతిని బీరు కాచేవారు మొదటి పాఠంగా నేర్చుకుంటారు. మరిగించే దశ దాటిన తర్వాత ద్రవానికి తగిలే ప్రతి గరాటు, ప్రతి వడకట్టే గుడ్డ, ప్రతి సీసా ఈ రెండో దశ దాటి రావాలి. గీతలు పడిన ప్లాస్టిక్ డబ్బాలను ఎంత రుద్దినా ఆ గీతల్లో ఏదో ఒకటి మిగులుతుంది. అందుకే మా ఇంట్లో పాత ప్లాస్టిక్ బకెట్టుకు ఈ పనిలో చోటు లేదు.

ఇక సీసాల సంగతి. బేగంబజారులో అందంగా ఉన్నాయని నలుపలకల గాజు సీసాలు, తీగ బిగింపు మూతలున్నవి, కొన్నాను. అవి నూనె, షర్బతు పోసుకోవడానికి చేసినవి గాని గ్యాసు ఒత్తిడి తట్టుకోవడానికి చేసినవి కావు. గుండ్రటి సీసాలో ఒత్తిడి గోడంతటా సమంగా పంచుకుంటుంది. పలకల సీసాలో అది మూలల దగ్గర పోగవుతుంది. మే నెలలో లీటరుకు వంద గ్రాముల చక్కెర వేసిన అల్లం నీళ్లలో తోడు కలిపి, ఆ సీసాల్లో నింపి, వంటకంలో చెప్పిన ప్రకారం మూడు రోజులు ఉంచుదామని స్టోరు గదిలో అల్మరాలో పెట్టాను. రెండో రాత్రి పెద్ద చప్పుడుతో ఒకటి పేలింది. అల్మరా తలుపు ఊడి వచ్చింది. కింద మూత తీసి ఉన్న బియ్యం డబ్బాలో సన్నని గాజు పలుకులు పడ్డాయి. బియ్యంలో గాజును ఏరడం సాధ్యం కాదు కాబట్టి డబ్బాడు బియ్యం పారబోయాల్సి వచ్చింది. ఆ వేళ అక్కడ ఎవరూ లేకపోవడం అదృష్టం.

మిగిలిన సీసాలను ఏం చేయాలన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న అయింది. అవి ఎప్పుడైనా పేలవచ్చు, ముట్టుకుంటే ఇంకా త్వరగా పేలవచ్చు. బండి హెల్మెట్టు పెట్టుకుని, మందపాటి జీన్సు చొక్కా తొడుక్కుని, ఒక్కొక్క సీసాకు తడి దుప్పటి చుట్టి, ఐసు నింపిన టబ్బులో పెట్టి, తలుపు వేసి రాత్రంతా వదిలేశాను. చల్లటి ద్రవంలో గ్యాసు ఎక్కువగా కరుగుతుంది కాబట్టి ఒత్తిడి తగ్గుతుంది. మర్నాడు దుప్పటి మీదుగానే బిగింపులు వదులు చేస్తే ఒక్కొక్క సీసా సగం ఖాళీ అయ్యేదాకా స్నానాలగది గోడల మీదికి చిమ్మింది. ఇది హాస్యంగా చెప్పుకోదగిన విషయం కాదు. గాజు సీసాలో ఇలాంటి పని చేయదలచినవారు ఈ ఒక్క పేరానైనా శ్రద్ధగా చదవాలని నా మనవి.

ఎందుకు పేలిందో లెక్క వేస్తే గాని నాకు బోధపడలేదు. ఈస్టు ఒక గ్రాము చక్కెరను పులియబెట్టినప్పుడు దాదాపు అర గ్రాము కార్బన్ డయాక్సైడు వస్తుంది. నాలుగు గ్రాముల చక్కెర నుంచి దాదాపు ఒక లీటరు గ్యాసు వస్తుందన్నమాట. మామూలు బీరులో ఒక లీటరు ద్రవానికి సుమారు రెండున్నర లీటర్ల గ్యాసు కరిగి ఉంటుంది. అంటే సీసాలో మంచి పొంగు రావడానికి లీటరుకు పది గ్రాముల చక్కెర పులిస్తే చాలు. నేను వంద గ్రాములు వేసి మూత బిగించాను. అదంతా పులిసి ఉంటే పాతిక లీటర్లకు పైగా గ్యాసు ఆ లీటరు సీసాలో ఇరుక్కోవలసి వచ్చేది. ఆల్కహాలు ఆరు శాతం దాటేది. చల్లటి దేశంలో మూడు రోజులకు పది గ్రాములు పులిస్తే, మా స్టోరు గదిలో ఒకటిన్నర రోజుకు అంతకు ఎన్నో రెట్లు పులిసింది. చక్కెర తగ్గిస్తే సరిపోతుంది కదా అని అనిపించవచ్చు. కాని అల్లం బీరు తియ్యగా ఉండాలి, పులియకుండా మిగిలిన ఆ తీపే ప్రమాదం. తీపి మిగలాలంటే పులియడాన్ని చలితో ఆపడం తప్ప ఇంట్లో వేరే సులువైన మార్గం లేదు.

ఆ తర్వాత గాజు మానేసి, సోడా, కూల్‌డ్రింకులు వచ్చే మందపాటి ప్లాస్టిక్ సీసాలు వాడుతున్నాను. అడుగున అయిదు పాదాలున్నట్టు ఉండే సీసాలు ఒత్తిడికి తగినట్టు చేసినవి. మంచినీళ్ల సీసాలు పనికిరావు. వీటితో గొప్ప సౌకర్యం ఏమిటంటే బొటనవేలితో నొక్కి చూస్తే లోపలి సంగతి తెలుస్తుంది. నొక్కు పడనంత గట్టిగా అయిందంటే వెంటనే ఫ్రిజ్జులో పెట్టాలి. గోలీసోడా సీసా ఎందుకు వాడరాదని మిత్రులు అడిగారు. నాకూ ఆ కోరిక కలిగింది. హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందిన ఆ సీసా గాజు మందంగానే ఉంటుంది గాని, గోలీ మెడలో బిగుసుకోవాలంటే నింపేటప్పుడే ఒత్తిడి ఉండాలి, సీసాను తలకిందులు చేయాలి. మెల్లగా గ్యాసు పుట్టే మన పానీయానికి ఆ ఏర్పాటు కుదరదు.

లెక్క తెలిసింది గాని కొలత ఇంకా తెలియలేదు. గచ్చిబౌలిలో బీరు అక్కడే కాచి అమ్మే ఒక మైక్రోబ్రూవరీలో పనిచేసే ఒక కుర్రవాడు మా కాలనీలోనే ఉంటాడు. సీసా పేలిన కథ చెప్పి, “రెండో రోజుకే ఇలా అయింది” అని నేను అంటే, అతడు మధ్యలోనే ఆపి, “ఎన్ని రోజులైంది అని కాదన్నా, గ్రావిటీ ఎంతుందో చెప్పండి” అన్నాడు. చక్కెర కరిగిన నీళ్లు మామూలు నీళ్లకన్నా బరువు. అది పులిసేకొద్దీ తేలికవుతుంది. నీళ్లతో పోల్చిన ఆ బరువునే గ్రావిటీ అంటారు, దాన్ని హైడ్రోమీటరు చూపిస్తుంది. కోఠి వైపు ల్యాబు సామాను అమ్మే దుకాణంలో దొరికే చిన్న గాజు పరికరం అది. నీళ్లకు 1.000, లీటరుకు వంద గ్రాముల చక్కెర ఉన్న ద్రవానికి సుమారు 1.038 చూపుతుంది. మొదటి కొలత నుంచి చివరి కొలత తీసేసి 131తో గుణిస్తే ఆల్కహాలు శాతం వస్తుంది. 1.038 నుంచి 1.034కు దిగితే అర శాతం అయినట్టు. బ్రూవరీ వాళ్ల మాటల్లో నాలుగు పాయింట్లు. ఆ నాలుగు పాయింట్లకు పులిసే చక్కెర లీటరుకు దాదాపు ఎనిమిది గ్రాములే. అంటే పొంగు సరిగ్గా కుదిరిన వేళ, చట్టం గీసిన గీత దాదాపు ఒక్కచోటే ఉన్నాయి. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఈ పని మీద మళ్లీ ఉత్సాహం వచ్చింది.

అయితే హైడ్రోమీటరు కూడా ఎండకు లొంగుతుంది. నా పరికరం మీద 20 డిగ్రీలకు అని చిన్న అక్షరాల్లో రాసి ఉంది, నేను చదవలేదు. పొద్దున నింపేటప్పుడు కొలిస్తే 1.034, సాయంత్రం ఫ్రిజ్జులోంచి తీసి కొలిస్తే 1.037 వచ్చింది. పులుస్తున్న ద్రవం బరువు పెరగడం అసంభవం. 35 డిగ్రీల వద్ద నీళ్లు వ్యాకోచించి తేలికవుతాయి కాబట్టి కొలత సుమారు 0.004 తక్కువగా కనిపిస్తుంది. అంటే మనం కాపాడుకోవలసిన గీత ఎంత వెడల్పో, మన వేసవి తెచ్చే పొరపాటు కూడా సరిగ్గా అంతే. ఇప్పుడు కొలవదలచిన ద్రవాన్ని గ్లాసులో పోసి, చల్లటి నీళ్ల గిన్నెలో పెట్టి, థర్మామీటరు 20 చూపాకే హైడ్రోమీటరు వేస్తాను. దానికి ముందు రెండు గ్లాసుల మధ్య బాగా తిరగబోసి గ్యాసు పోగొట్టాలి. లేకపోతే బుడగలు పరికరానికి అంటుకుని దాన్ని పైకెత్తి తప్పు చూపిస్తాయి.

వేడిని తగ్గించడానికి ఏసీ గది అవసరం లేదు. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, రంజన్‌లో నీళ్లు చల్లబడినట్టే, జాడీకి తడి తువ్వాలు చుట్టి, తువ్వాలు అంచు నీళ్లున్న పళ్లెంలో మునిగేలా పెట్టి, పక్కన ఫ్యాను తిప్పితే అయిదారు డిగ్రీలు తగ్గుతుంది. జూలై వచ్చాక గాలిలో తేమ పెరిగి ఈ ఉపాయం పనిచేయదు, కాని అప్పటికి గది వేడి తానే తగ్గుతుంది. డిసెంబరులో, రాత్రి చలి ఇంట్లోకి వచ్చే రోజుల్లో, విదేశీ వంటకాల్లోని రోజుల లెక్క దాదాపు అక్షరాలా నిజమవుతుంది. ఈ పని కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ఆ నెలనే సూచిస్తాను. మే నెలలో మొదలుపెట్టి నిరుత్సాహపడినవారు నాకు తెలుసు.

ప్రస్తుతం నా పద్ధతి ఇది. లీటరు నీటికి దంచిన అల్లం యాభై గ్రాములు, చక్కెర వంద గ్రాములు వేసి పావుగంట మరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లార్చి, ఒక నిమ్మకాయ పిండి, నురుగు మీదున్న తోడును వడకట్టి పావు కప్పు కలుపుతాను. మొదటి కొలత తీసుకుని, ప్లాస్టిక్ సీసాల్లో రెండంగుళాల ఖాళీ వదిలి నింపి, మూత బిగిస్తాను. వేసవిలో ఆరు గంటల తర్వాత నుంచి గంటగంటకూ నొక్కి చూస్తాను, చలికాలంలో పూటపూటకూ చూస్తాను. ఒక సీసాను కొలతల కోసమే కేటాయించి, దాన్ని తెరిచి గ్రావిటీ చూస్తాను. నాలుగు పాయింట్లు పడకముందే అన్నీ ఫ్రిజ్జులోకి వెళతాయి. అక్కడ కూడా పులియడం ఆగదు, నెమ్మదిస్తుంది; అందువల్ల వారం లోపే తాగేస్తాం. బెల్లంతో చేస్తే రంగు, రుచి బాగుంటాయి గాని నా చేతిలో అది మరీ తొందరగా పులుస్తోంది, చలికాలానికే దాచుకున్నాను.

బంధువులు సీసా అడిగితే ఇవ్వడం మానేశాను. వరంగల్ వెళ్లే బస్సులో, మధ్యాహ్నపు ఎండలో, సంచీ అడుగున మూడు గంటలు ప్రయాణించిన సీసా ఇంటికి చేరేసరికి ఏ గీతను దాటి ఉంటుందో నాకు గాని, తీసుకున్నవారికి గాని తెలియదు. అడిగినవారికి చిన్న గాజు డబ్బాలో తోడు పోసి, మూత బిగించకుండా పలచటి గుడ్డ కట్టి ఇస్తున్నాను, హైడ్రోమీటరు ఏ దుకాణంలో దొరుకుతుందో కూడా చెబుతున్నాను.